నెబ్రాస్కా గద్దకు ఆసియా రెక్కలు

కుష్‌మన్ ఈగిల్... రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా కుర్రకారు మోజుపడ్డ బుల్లి బండి. దాని తయారీ 1965లోనే ఆగిపోయింది. అయినా ఆ బండ్లు ఇవాళ్టికీ కిక్కు కొడితే అందుకుంటున్నాయి. సముద్రాల అవతల పోతపోసిన నకలు సామానే వాటికి ఊపిరి. అది ప్రాణదానమా, కల్తీయా అన్నది పాతబండ్ల ప్రియుల్లో తెగని పంచాయితీ. తీర్పు ఎలా వచ్చినా అది మన చేతక్, పుష్పక్ స్కూటర్లకీ వర్తిస్తుంది.

హైదరాబాద్ పుత్లీబౌలీలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో స్కూటరు సామాను అడిగిచూడండి. కొట్లో కుర్రాడు ముందుగా అడిగేది ఒకటే: ‘‘కంపెనీది ఇవ్వమంటారా అన్నా, లోకల్‌దా?’’ రెండింటి ధరా వినగానే కంపెనీదే కావాలన్న మన పట్టుదల సగం సడలుతుంది. మిగతా సగాన్ని మెకానిక్కు సడలిస్తాడు: ‘‘లోకల్‌దే వేద్దాం సార్, ఏం కాదు. కాస్త రుద్ది కూర్చోబెడతా!’’

అమెరికాలో పాత స్కూటర్లు బాగుచేసుకునేవాళ్లకూ ఇదే తంటా. కాకపోతే అక్కడ కంపెనీది అడుగుదామన్నా కంపెనీ స్కూటర్లు మానేసి అరవై ఏళ్లయింది. గోదాముల్లో అమ్ముడుపోకుండా మిగిలిన పాత స్టాకు ఎప్పుడో ఒకటీ అరా బయటపడుతుంది. ఇతర బండ్లను విప్పి తీసిన అరిగిన సామాను దొరుకుతుంది. ఆ రెండూ కుదరకపోతే, పాతదాని కొలతలు తీసి కొత్తగా చేసిన నకలే గతి. అలాంటి నకళ్ల పెట్టెల మీద తరచూ కనిపించే పేర్లు చైనా, తైవాన్.

ఇంజన్లు అమ్ముడుపోక స్కూటరు

నెబ్రాస్కా రాష్ట్రంలో లింకన్ నగరం. చుట్టూ మొక్కజొన్న పండే నేల. ఎవరెట్ కుష్‌మన్, క్లింటన్ కుష్‌మన్ అనే వరసకు అన్నదమ్ములు అక్కడ ఇంజన్ల తయారీ మొదలుపెట్టారు. 1913 నాటికి అది ‘కుష్‌మన్ మోటార్ వర్క్స్’ అయింది. పంపులకూ, పడవలకూ, పొలం యంత్రాలకూ ఆ ఇంజన్లే. 1922లో ‘హస్కీ’ వచ్చింది. నాలుగు స్ట్రోకుల ఇంజను. మోటుగా ఉన్నా మొండిది.

1930ల ఆర్థిక మాంద్యంలో రైతు చేతిలో డబ్బు ఆడలేదు. హస్కీలకు గిరాకీ పడిపోయింది. ఆ రోజుల్లోనే కాలిఫోర్నియాలో ఫోస్టర్ సాల్స్‌బరీ అనే వ్యాపారికి ఒక దృశ్యం కంటపడింది. ప్రసిద్ధ విమాన చోదకురాలు అమీలియా ఇయర్‌హార్ట్ బర్‌బ్యాంక్‌లోని లాక్‌హీడ్ విమానాశ్రయంలో ఒక పాత మోటారు బండి మీద చక్కర్లు కొడుతోంది. అది చూసి ఆయన ఆస్టిన్ ఎల్మోర్ అనే రూపకర్తతో కలిసి 1936లో ‘మోటార్ గ్లైడ్’ అనే స్కూటరు తెచ్చాడు. అదే ఏడాది లింకన్‌లో కుష్‌మన్ వాళ్ల ‘ఆటో-గ్లైడ్’ తయారైంది. స్కూటరు అమ్ముడైన ప్రతిసారీ ఒక హస్కీ ఇంజను ఖర్చవుతుంది కదా! అసలు లెక్క అది. అంటే, కుష్‌మన్ తొలి స్కూటరే మరొకరు వేసిన బాటలో నడిచింది. నకలు మీద వాదనకు దిగేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పారాచూట్ కట్టుకుని దూకింది

యుద్ధం వచ్చింది. విమానాల్లోంచి దూకే సైనికులకు నేల మీద తిరగడానికి తేలికపాటి బండి కావాలి. 1944లో కుష్‌మన్ ‘మోడల్ 53’ తయారుచేసింది. బరువు సుమారు 115 కిలోలు. పారాచూట్ కట్టి పైనుంచి వదిలినా పనికొచ్చేంత గట్టిగా కట్టారు. వెనక చిన్న బండిని తగిలించి లాగడానికి కొక్కెం కూడా పెట్టారు.

అమెరికా సైన్యం వెంట ఇటలీ చేరిన ఆ ఆకుపచ్చ స్కూటర్లు అక్కడి ఇంజినీర్ల కళ్లలో పడ్డాయనీ, 1946 నాటి వెస్పాకూ 1947 నాటి లాంబ్రెట్టాకూ ప్రేరణల్లో అవీ ఉన్నాయనీ స్కూటరు చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. వెస్పా లైసెన్సుతో బజాజ్ మన దేశంలో బండ్లు చేసింది. ఆ లైసెన్సు ముగిశాక 1972లో వచ్చిందే చేతక్. లాంబ్రెట్టా యంత్రాలేమో లక్నోకు తరలివచ్చాయి. ఆ లెక్కన మన వీధుల్లో తిరిగిన స్కూటర్లకూ నెబ్రాస్కా బండికీ దూరపు చుట్టరికం ఉన్నట్టే.

యుద్ధం ముగిసి ఇళ్లకు చేరిన సైనికులు మోటార్‌సైకిళ్ల మోజు వెంటబెట్టుకొచ్చారు. కంపెనీని నడిపిన ఆమన్ కుటుంబంలోని రాబర్ట్ ఆమన్ ఆ గాలిని పసిగట్టాడు. 1949లో ‘ఈగిల్’ బయటికొచ్చింది. స్కూటరు చక్రాలు, మోటార్‌సైకిల్ వేషం. మోకాళ్ల మధ్య పెట్రోలు ట్యాంకు, దాని కింద కప్పు లేకుండా కనిపించే ఇంజను. కాలితో క్లచ్చి, ట్యాంకు పక్కన చేతితో మార్చే గేరు, గేర్లు మాత్రం రెండే. తర్వాత వచ్చిన 318 సీసీ హస్కీ దాదాపు 8 హార్స్‌పవర్ శక్తితో గంటకు 80 కిలోమీటర్ల దరిదాపుల్లో పరిగెత్తేది. కొన్ని రాష్ట్రాల్లో 14 ఏళ్లకే స్కూటరు లైసెన్సు ఇచ్చేవారు. హార్లీ డేవిడ్‌సన్ కొనే స్తోమతా, నడిపే వయసూ లేని పిల్లలకు ఈగిలే హార్లీ.

పదహారేళ్లు సాగిన ఆ హవా సముద్రం అవతలి నుంచి వచ్చిన సరుకుతో ఆగింది. హోండా 1959లో లాస్ ఏంజెలిస్‌లో దుకాణం తెరిచింది. జపాను బండి నూనె కార్చదు, మొరాయించదు, ధరా తక్కువే. 1957లోనే అవుట్‌బోర్డ్ మెరైన్ చేతికి వెళ్లిన కుష్‌మన్, 1961 నుంచి 1963 దాకా ఇటలీ వెస్పాలను తన పేరుతో అమ్మి చూసింది. ఫలితం లేదు. 1965లో ఈగిల్ తయారీ ఆపేసి గోల్ఫ్ బండ్లు, మూడు చక్రాల సరుకు బండ్లతో సరిపెట్టుకుంది. విదేశీ సరుకు దెబ్బకు ఆగిన బండి ఇప్పుడు విదేశీ సరుకు చలవతోనే తిరుగుతోంది!

గడ్డివాము మూల నుంచి గ్యారేజీకి

అమెరికాలో పాత ఈగిల్ దొరికేది ఎక్కువగా పల్లెల్లోని పాకల్లో, తాతగారి షెడ్లలో. టైర్లు చీలికలు పట్టి ఉంటాయి. ట్యాంకులో పెట్రోలు జిగురై, అడుగున తుప్పు పేరుకుని ఉంటుంది. పిస్టను సిలిండరుకు పట్టేసి ఉంటుంది. చేయి తిరిగినవాళ్లు అలాంటి బండికి వెంటనే కిక్కు కొట్టరు. స్పార్కు ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో తుప్పు వదిలించే నూనె పోసి నానబెడతారు. తొందరపడితే విరిగేది రింగులే.

హస్కీ ఇంజనులో అదృష్టం ఏమిటంటే దాపరికం తక్కువ. వాల్వులు సిలిండరు పక్కనే, బ్లాకులోనే ఉంటాయి. పైన హెడ్డు ఉత్త మూత. నాలుగు బోల్టులు విప్పడం వచ్చినవాడికి లోపలున్నదంతా కనిపిస్తుంది. బ్యాటరీతో పనిలేకుండా ఫ్లైవీల్‌లోని అయస్కాంతమే నిప్పురవ్వకు కరెంటు పుట్టిస్తుంది. పాయింట్లు శుభ్రం చేసి, కండెన్సరు మార్చి, కార్బ్యురేటరు కడిగితే సగం బండ్లు పలుకుతాయి. సిలిండరు అరిగిపోతే బోరు కొట్టించి పెద్ద సైజు పిస్టను వేయాలి. అక్కడి నుంచే కొత్త సామాను వేట మొదలు.

కొన్ని వస్తువులకు వేట అక్కర్లేదు. బేరింగులకు ప్రామాణిక కొలతలుంటాయి. టైరు సంగతి మరీ వింత: ఈగిల్‌కు పట్టే 4.00-8 సైజే మన ఆటోరిక్షాలదీ! కష్టమంతా ఆ బండికి మాత్రమే సరిపోయే వాటితోనే. ఫెండర్లు, ట్యాంకు, క్లచ్చి, గేరు పెట్టెలోని పళ్ల చక్రాలు, మాగ్నెటో... వీటికి ప్రత్యామ్నాయం లేదు.

అచ్చు ఖరీదే అసలు చిక్కు

అమెరికాలోనూ నకలు సామాను చేసేవారున్నారు. పాత ఫోర్డు బండ్ల భాగాలకు పేరుపొందిన నార్త్ కరోలినాలోని డెన్నిస్ కార్పెంటర్ సంస్థ కుష్‌మన్ భాగాలు కూడా చేస్తుంది. మరి ఆసియా దాకా ఎందుకు వెళ్లాలి?

లెక్క చూస్తే తెలుస్తుంది. ఒక అల్యూమినియం కవరు పోతపోయాలంటే ముందు అచ్చు కావాలి. వందే పోసినా, లక్ష పోసినా అచ్చుకయ్యే ఖర్చులో పెద్ద తేడా ఉండదు. ఈగిల్ కవరు కావాల్సినవాళ్లు ఏడాదికి లక్షల్లో ఉండరు, వందల్లో ఉంటే గొప్ప. అచ్చు ఖర్చును ఆ కొద్దిమంది మీద పంచితే కవరు ధర బండి ధరను మించిపోతుంది. గడ్డి కోసే యంత్రాలకూ, చిన్న ఇంజన్లకూ రోజూ పోతలు పోసే ఆసియా కార్ఖానాల్లో అచ్చు చవక, కూలి చవక. అందుకే అమెరికా వ్యాపారి పాత కవరు ఒకటి పెట్టెలో పెట్టి పంపుతాడు. కొన్ని నెలలకు దాని నకళ్లు ఓడలో వస్తాయి.

ఈ చవక బేరానికి ఇటీవల గండి పడింది. అమెరికా చైనా సరుకు మీద సుంకాలు పెంచుతూ వచ్చింది. విదేశాల నుంచి వచ్చే 800 డాలర్లలోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును 2025లో చైనాకు మే నెలలో, మిగతా దేశాలకు ఆగస్టులో ఎత్తేసింది. ఒక కార్బ్యురేటరు తెప్పించుకునే అభిమాని మీద కూడా ఆ భారం పడుతోంది.

పెట్టె విప్పాకే అసలు పని

నకలు సామాను కొన్నంత మాత్రాన బండి తయారైపోదు. మొట్టమొదటి తగాదా మరల దగ్గర వస్తుంది. కుష్‌మన్ బోల్టులు అంగుళాల కొలతవి. ఆసియా కార్ఖానాలు పనిచేసేది మిల్లీమీటర్లలో. అంగుళంలో పదహారింట అయిదు వంతుల (5/16) బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్ల బోల్టు చూడ్డానికి దానికి కవల. కానీ మర మధ్య దూరం వేరు. మొదటిదాంట్లో సుమారు 1.41 మిల్లీమీటర్లు, రెండోదాంట్లో 1.25. రెండు చుట్లు బాగానే తిరుగుతుంది, మూడో చుట్టుకు బిగుస్తుంది. ఇంకాస్త బలం పెట్టారో, అరవై ఏళ్లు చెక్కుచెదరని మర అరక్షణంలో పోతుంది. అందుకే తెలిసినవాళ్లు స్పానరు పట్టేముందు మర గేజీ పడతారు.

తర్వాతిది లోహం. పోతలో గాలి బుడగలు మిగిలితే పైకి నున్నగా ఉన్న కవరులోంచి నూనె చెమరుస్తుంది. గేరు పళ్లకు సరైన వేడి పదును పెట్టకపోతే కొద్ది నెలల్లోనే అంచులు అరుగుతాయి. ఆకురాయితో ఒక పంటి మీద గీసి చూడటం పాత పరీక్ష. రాయి జారిపోతే పదును ఉన్నట్టు, కొరికితే ఆ గేరును పెట్టెలోనే ఉంచడం మేలు. క్రోమియం పూత పలచగా ఉంటే రెండు వానలకే తుప్పు మచ్చలు తేలతాయి. ఫెండరు రంధ్రాలు ఒక నూలు అటో ఇటో ఉంటాయి. వాటిని సాగదీసి కూర్చోబెట్టడం మన టింకరింగ్ మేస్త్రీలకు నేర్పనక్కర్లేని విద్య.

అలాగని కొత్తదంతా నాసిరకం అనడానికీ లేదు. అమెరికాలో అమ్మే పెట్రోలులో ఎక్కువ భాగం పది శాతం ఇథనాల్ కలిపిందే. 1950ల నాటి రబ్బరు గొట్టాలూ, ప్యాకింగులూ దానికి మెత్తబడి కరిగిపోతాయి. ఇథనాల్‌ను తట్టుకునేలా చేసిన కొత్త రబ్బరు సామాను ఆ విషయంలో అసలుదానికంటే నయం. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు వాడుతున్న మన పాత స్కూటర్ల యజమానులూ ఈ మాట వినాలి. బ్రేకులదీ అదే దారి. ఆ కాలంలో బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ వాడేవారు. ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. కంపెనీ సరుకే కావాలన్న పంతంతో అలాంటి పాత బ్రేకు షూలు వెతికి వేసుకోవడం అభిమానం అనిపించుకోదు.

గేర్లు లేని బండికి తాత

కుష్‌మన్‌కు దారి చూపిన సాల్స్‌బరీ 1937లో మరో అడుగు వేశాడు. గేరు మార్చే పనిలేకుండా, వేగాన్ని బట్టి బెల్టు తనంతట తానే సర్దుకునే ఏర్పాటును స్కూటరులో పెట్టాడు. పుల్లీ రెండు చెంపలూ దగ్గరైతే బెల్టు పైకి జరుగుతుంది, దూరమైతే కిందికి దిగుతుంది. ఆ మేరకు ఇంజనుకూ చక్రానికీ మధ్య నిష్పత్తి మారుతుంది. కైనెటిక్ హోండా నుంచి యాక్టివా దాకా మన ఇళ్ల ముందు నిలబడ్డ గేర్లు లేని పెట్రోలు స్కూటర్లు చాలావరకు ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి. సాల్స్‌బరీ స్కూటర్ల తయారీ 1940ల చివర్లో ఆగిపోయింది. ఆలోచన మాత్రం ప్రపంచమంతా తిరుగుతోంది.

ఏది అసలు, ఎంతవరకు?

ఇక అసలు పంచాయితీకి వద్దాం. ఒక వర్గం మాట: ఫ్యాక్టరీలో బిగించిన సామానుకే విలువ, ఇంజను నంబరూ ఫ్రేము నంబరూ రికార్డులకు సరిపోవాలి, పాత గీతలు కూడా చరిత్రే. రెండో వర్గం మాట: తిరగని బండి బొమ్మతో సమానం, ఏది దొరికితే అది వేసి తిప్పండి. ఈ రెండో వర్గంలో మరీ ముందుకెళ్లినవాళ్లు హస్కీనే పక్కనపెట్టేస్తారు. ‘ప్రిడేటర్’ పేరుతో హార్బర్ ఫ్రైట్ దుకాణాల్లో వందా రెండు వందల డాలర్ల మధ్య దొరికే 212 సీసీ చైనా ఇంజను బిగిస్తారు. ఆ ఇంజను కూడా హోండా ‘జీఎక్స్ 200’కు నకలే. కుష్‌మన్‌ను ఇంటికి పంపిన హోండా, చైనా వేషంలో కుష్‌మన్ కడుపులోకే వచ్చి కూర్చుందన్నమాట.

నా మొగ్గు తిరిగే బండి వైపే. కుష్‌మన్ ఎన్నడూ అద్దాల బీరువాలో పెట్టుకునే వస్తువు కాదు. పేపర్లు వేసే కుర్రాళ్లకూ, కారు కొనలేని కుటుంబాలకూ చేసిన బండి. సియర్స్ దుకాణాలు దాన్నే ‘ఆల్‌స్టేట్’ పేరుతో అమ్మాయి. కుష్‌మన్ వెస్పాను తన పేరుతో అమ్మింది. తాత కట్టిన పెంకుటింటికి పగిలిన పెంకులు మారుస్తూనే ఉంటాం, ఏ పెంకు ఏ ఏడాదిదో ఎవరూ అడగరు, అయినా అది తాత ఇల్లే. బండి విషయంలోనూ అంతే. ఫ్రేమూ, ఇంజను బ్లాకూ మిగిలుంటే అరిగినవి మార్చడం దానికి చేసే సేవ.

కానీ ఒక గీత గీయక తప్పదు. నకలు ఫ్రేము మీద పాత నంబరు చెక్కి, అంతా ఫ్యాక్టరీ సామానేనని అమ్మడం మోసం. అమెరికాలో బండి హక్కు పత్రం ఆ నంబరును పట్టుకునే నడుస్తుంది. తప్పుడు నంబరు కొన్నవాడు రేపు పోలీసుల ముందు నిలబడాలి. అంతకంటే ప్రమాదం మరొకటుంది. నకలు స్టీరింగు కాడను అసలుదని నమ్మి కొన్నవాడు దాన్ని విప్పి చూడడు, పరీక్షించడు. పదునులేని లోహం ఎనభై కిలోమీటర్ల వేగంలో విరిగితే ఆ అబద్ధం ఖరీదు ప్రాణం. ఏ భాగం ఎప్పుడు మార్చారో, ఎక్కడ కొన్నారో ఒక పుస్తకంలో రాసి, ఫొటోలతో సహా బండితోపాటే చేతులు మారేలా చూడటం శ్రద్ధ ఉన్నవాళ్లు పాటిస్తున్న పద్ధతి. దానికి పైసా ఖర్చు లేదు.

మనం అటువైపు కూడా ఉన్నాం

ఈ కథలో మనవాళ్లు కొనేవాళ్లు మాత్రమే కారు, చేసి పంపేవాళ్లు కూడా. ఇటలీలో ఇన్నోసెంటీ కంపెనీ లాంబ్రెట్టా తయారీ ఆపేశాక దాని యంత్రాలను భారత ప్రభుత్వం కొన్నది. 1972లో లక్నోలో ‘స్కూటర్స్ ఇండియా’ వెలిసింది. విజయ్ స్కూటర్లు అక్కడివే. హైదరాబాద్ ఆల్విన్ పేరుతో తెలుగువాళ్ల ఇళ్లకొచ్చిన పుష్పక్‌కూ ఆ లక్నో పరిజ్ఞానమే మూలం. లక్నోలో 1997లో స్కూటర్ల తయారీ ఆగింది. 2021లో కేంద్రం సంస్థనే మూసేయాలని నిర్ణయించింది.

ఈలోగా బ్రిటన్‌లో, యూరప్‌లో లాంబ్రెట్టా అభిమానులు భారతీయ సామాను మీద కన్నేశారు. లక్నో సరుకుకు అక్కడ గౌరవం దక్కింది, ఇటలీ అచ్చులతో పోసిందని. ఊరూ పేరూ లేని చిన్న కార్ఖానాల నకళ్లకు మాత్రం అక్కడ చెడ్డపేరే మిగిలింది. మన దేశం నుంచి వెళ్లిన ‘పూర్తిగా బాగుచేసిన’ పాత స్కూటర్లలో కొన్నింటికి రంగు కింద తుప్పును పుట్టీతో కప్పేశారన్న ఫిర్యాదులూ తక్కువేం కాదు. నెబ్రాస్కా బండి మీద చైనా నకలు గురించి అక్కడివాళ్లు ఏమంటున్నారో, మన నకళ్ల గురించి బ్రిటన్‌వాళ్లు అదే అంటున్నారు.

ఒకే దేశం నుంచి మంచి సామానూ వచ్చింది, చెత్తా వచ్చింది. తేడా దేశంలో లేదు, చేసినవాడు పూచీ పడ్డాడా లేదా అన్నదాంట్లో ఉంది. నకలు గేరు మీద కూడా చేసిన కార్ఖానా గుర్తు, తయారైన ఏడాది చెక్కితే దాని గౌరవం ఏం తగ్గదు. విరిగితే ఎవరిని నిలదీయాలో కొన్నవాడికి తెలుస్తుంది. బాగుంటే రెండోసారీ అదే కావాలంటాడు. చేతక్‌కూ, పుష్పక్‌కూ సామాను చేస్తున్న మన లేత్ షాపులకు, పోత కార్ఖానాలకు ఇది మంచి అవకాశం. పాతబండ్ల మీద మోజు పెరుగుతోంది, కొనేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. చేసిన వస్తువు మీద పేరు వేసుకునే ధైర్యం ఉన్నవాళ్లదే ఆ బజారు. పేరు చెప్పుకోలేని సామానును సాక్షాత్తూ లింకన్‌లో పోతపోసినా, అది డూప్లికేటే!